పన్నెండా, పన్నెండున్నరా

సుద్దముక్క బల్ల మీద పెట్టి, బెంచీల మధ్యగా నడిచి వెళ్లి, చివరి వరసలో కిటికీ పక్కన నా చోట్లో కూర్చున్నాను. ఇక గంట కొట్టేదాకా నేను నోరు విప్పకూడదు. పక్క బెంచీ మీద ముగ్గురున్నారు. ఒక పెద్దాయన, రిటైరైన హెడ్మాస్టరట, మోకాళ్లు ఇరుకులో పట్టక పక్కకి తిప్పుకుని కూర్చున్నారు. ఆయన పక్కన టీచర్ ట్రైనింగ్ కాలేజీ నుంచి వచ్చినావిడ, ఒళ్లో ఫైలు. ఆ చివర విద్యాశాఖ కుర్ర ఆఫీసరు, చేతిలో ట్యాబు. కొత్త పద్ధతిలో పాఠం చెప్పే టీచర్లకి ఇచ్చే అవార్డుకి వెళ్లిన పేర్లలో నాదొకటి, అందుకని చూడటానికి వచ్చారు. ఇరవై రెండేళ్లుగా నేను పిల్లలకి మార్కులు వేస్తున్నాను. వేయించుకోవడం ఎలా ఉంటుందో ఇవాళ తెలుస్తోంది. తొమ్మిదింటికి తాగిన కాఫీ ఇంకా గుండెల దగ్గరే నిలబడినట్టుంది. బోర్డు మీద నా దస్తూరీ కూడా ఇవాళ కొంచెం వంకరగానే ఉంది. రాసిన లెక్క ఇది: బడి ఎత్తు మీద ఉంది. సైకిల్ మీద వెళ్లేటప్పుడు గంటకి పది కిలోమీటర్ల వేగం, అదే దారిన ఇంటికి దిగేటప్పుడు గంటకి పదిహేను. రానూపోనూ కలిపి సగటు వేగం ఎంత? అంతే, అంతకన్నా ఏమీ రాయలేదు.

నేను కూర్చున్నానో లేదో, ముందు బెంచీలోని రిబ్బన్ల పిల్ల లేచి బోర్డు దగ్గరికి వెళ్లింది. ఎర్ర రిబ్బన్లు, ఎప్పుడూ తొందర, ఎప్పుడూ ముందు. పదీ పదిహేనూ ఇరవై ఐదు, అందులో సగం పన్నెండున్నర, చుట్టూ రెండు సున్నాలు చుట్టి వెనక్కి తిరిగి మా పద్ధతి ప్రకారం అడిగింది. "అందరికీ ఓకేనా?" గదిలోని గొంతులన్నీ ఒక్కసారిగా ఓకే అన్నాయి. చేతులు దులుపుకుని కూర్చుంది. పీరియడ్ మొదలై ఆరు నిమిషాలైంది, క్లాసు క్లాసంతా హాయిగా, సంతోషంగా, ఒక్కమాట మీద తప్పు చెప్పింది.

తప్పు. తప్పమ్మా. ఆ మాట నా గొంతులోకి వచ్చేసింది, నాలుక వెనక కూర్చుని తలుపు తీయమంటోంది. కుర్ర ఆఫీసరు ట్యాబు మీద ఏదో కొడుతున్నాడు, వేలు రెండుసార్లు ఆగింది, మళ్లీ కొట్టింది. ఏం రాస్తున్నాడో నాకు తెలియదా, నేనైనా అదే రాస్తాను, విద్యార్థులు తప్పు చేసినా ఉపాధ్యాయురాలు సరిదిద్దలేదు. ఒక్క మాట చాలు. "దూరం సంగతి ఆలోచించారా?" అంటే చాలు, రిబ్బన్ల పిల్ల నాలుక కరుచుకుని పరిగెత్తుకొస్తుంది, అందరూ ఆహా అంటారు, వాళ్లు ముగ్గురూ తలలూపుతారు. గొంతు లేకనా? ఉంది, బ్రహ్మాండంగా ఉంది, పోయి తిరిగొచ్చి రెండు నెలలైంది, పొద్దున బస్సు ఆపడానికి అరిస్తే రెండు వీధుల అవతల కుక్క లేచింది. ఈ బళ్లో నా పేరు మైకు. పిల్లలు పెట్టిందే, ఎదురుగా అనరు కానీ బాత్రూం గోడ మీద రాశారు. నేను సమీకరణాలు చెబుతుంటే గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా వచ్చేసేవట. నాకు అదో గర్వం. చివరి బెంచీ దాకా వినిపించడమే పాఠం చెప్పడమనుకున్నాను, వినబడితే వచ్చేసినట్టేననుకున్నాను.

పోయింది ఒకరోజు. పరీక్షల ముందు, రెండు సెక్షన్లూ కలిపి చెబుతుంటే, వాక్యం మధ్యలో, దీపం ఆరిపోయినట్టు. ముక్కులోంచి గొట్టం వేసి తెర మీద చూపించాడు డాక్టరు. పార పట్టినవాళ్లకి అరచేతిలో కాయలు కాసినట్టు మీకు గొంతులో కాశాయండీ అన్నాడు. ఆరు వారాలు మాట్లాడకూడదు, గుసగుస అసలే వద్దు, అది ఇంకా చెడ్డది. నా తల కదలకుండా పట్టుకున్న నర్సు అప్పుడు వంగి నా మొహంలోకి చూసి, టీచర్, నేను మీ స్టూడెంట్‌నే, ఎనిమిదీ తొమ్మిదీ మీ దగ్గరే చదివాను, అంది. ఎంత ప్రేమగా అందో. "మీ గొంతు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది టీచర్. లెక్కలే, ఒక్కటీ లేదు!" అని నవ్వింది, నా చెయ్యి నొక్కింది. ముక్కులో గొట్టం, నేను నవ్వలేను, ఏడవలేను, అదేమిటమ్మా అనలేను. బస్సులో ఇంటికి వస్తూ ఒక్కొక్క ఏడాదినీ వేళ్ల మీద లెక్కపెట్టాను, ఏడాదికి ఎనభై మంది, ఎంతమంది చెవుల్లో ఉన్నానో.

పెద్దాయన వాచీ చూసుకున్నారు. పదకొండు నిమిషాలు. క్లాసు కదులుతోంది, బెంచీ కింద కాళ్లు ఊగుతున్నాయి, తర్వాతి లెక్క ఏదీ అన్నట్టు నా వైపు తిరిగి చూస్తున్నారు. నేను చెయ్యగలిగింది ఒకటే, లేవకుండా ఉండటం. నేను లేచి బోర్డు తుడిస్తే లెక్క అయిపోయినట్టు. లేవకపోతే అవ్వలేదని. ఈ సంగతి పిల్లలకి తెలుసు, మా ముగ్గురు అతిథులకి తెలియదు, వాళ్ల కళ్లకి నేనొక ఊరికే కూర్చున్న మనిషిని. నేనిలా నోరు మూసుకు కూర్చుంటే మా అత్తగారైతే ఊరుకునేవారా. ఆవిడకి వినికిడి తక్కువ, ఇంట్లో అందరి మాటల్లోకీ నా మాటే ఆవిడకి అందేది. "నా కొడుకు గొణుగుతాడు, నా మనవరాలు ఫోనుతో మాట్లాడుతుంది, నాతో మాట్లాడేది నువ్వొక్కదానివే" అనేవారు. నేను మూగబోయిన ఆరు వారాలూ ఇద్దరం వంటింట్లో ఎదురెదురుగా కూర్చుని బఠాణీలు ఒలిచాం. మొదట్లో నాకు ఊపిరాడలేదు. తర్వాత్తర్వాత చూస్తే ఆవిడ ఎంత మాట్లాడతారో, నేనెన్నడూ వినలేదు, ఎప్పుడూ నేనే చెబుతుండేదాన్ని, పేపరులో ఏముందో, మందులెప్పుడు వేసుకోవాలో. పెళ్లికి ముందు ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేశారన్న సంగతి నాకు ఇరవై నాలుగేళ్ల కాపురం తర్వాత తెలిసింది. మా ఆయన ఆ ప్రశాంతత చూసి, డాక్టరుగారిని ఇంకో నెల పొడిగించమని అడగనా అన్నాడు. గరిట విసరడానికి గొంతు అక్కర్లేదు.

సెలవు పెడదామనుకున్నాను. హెడ్మిస్ట్రెస్ పెన్ను మూతపెట్టి నా మొహం చూసింది. సెలవిస్తాను, కానీ మనిషి లేరు, మీ పిల్లల్ని పక్క సెక్షన్‌లో కలపాలి, గదిలో ఎనభై మంది, మీరే చెప్పండి అంది. చెప్పలేను కదా, తల ఊపి వచ్చేశాను. మొదటిరోజు బోర్డు నిండా రాశాను, నా వీపు వెనక చేపలమార్కెట్టు. రెండోరోజు ఏడెనిమిదులు యాభై నాలుగు అని రాశాను. కావాలని కాదు, నిజంగానే తడబడ్డాను. గది నిశ్శబ్దమైపోయింది. "టీచర్, యాభై ఆరు కదా?" అని ఇదే రిబ్బన్ల పిల్ల. ఇలాంటప్పుడు మాదొక పాత అబద్ధం ఉంటుంది, మీరు చూస్తున్నారో లేదోనని కావాలనే రాశాను అంటాం, దేశంలో ఏ లెక్కల టీచరైనా అంటుంది. ఆరోజు ఆ అబద్ధం చెప్పడానికి గొంతు లేదు. ఏం చెయ్యాలో తోచక సుద్దముక్క దాని చేతికిచ్చాను. అంతే. దీన్నే ఇప్పుడు అప్లికేషన్లో పిల్లలే కేంద్రంగా మౌన బోధన అని రాశారు, చదివితే నాకే నవ్వొచ్చింది. సుద్ద ఇచ్చాక నిలబడటానికి చోటు లేక చివరికొచ్చి కూర్చున్నాను. ఇక్కణ్ణుంచి చూస్తే అది వేరే గది. బల్లల కింద వేళ్లు లెక్కపెట్టుకుంటున్నాయి. నోట్‌బుక్కుల ముందు పేజీల్లో నా లెక్కలు, నేను రాసినవి రాసినట్టు, ముత్యాల్లా. చివరి పేజీల్లో వాళ్ల లెక్కలు, కొట్టివేతలు, బొమ్మలు, బాణాలు, ఎక్కడ తెలియలేదో అక్కడ నల్లగా పామేసిన చోట్లు. ఇరవై రెండేళ్లు నేను ముందు పేజీలు దిద్దాను.

గోడవతల సోషల్ మాస్టారి గొంతు సన్నగా వినిపిస్తోంది, ఏదో సామ్రాజ్యం కూలుతోంది. ఈ అవార్డు గొడవంతా ఆయన చేసిందే. ఎన్నేళ్లుగానో స్టాఫ్‌రూంలో ఆయనదొకటే ఫిర్యాదు, నా యుద్ధాలన్నీ మీ వర్గమూలాల మధ్యే జరుగుతున్నాయి టీచర్, రాజు చనిపోయాడంటే పిల్లలు ఎక్స్ స్క్వేర్ అంటున్నారు అని. నా గొంతు ఆగిన వారానికి ఆయనకి అనుమానమొచ్చి మా కిటికీ దగ్గరికొచ్చాడు. మర్నాడూ వచ్చాడు. చేతిలో గ్లోబు పట్టుకుని పావుగంట నిలబడటం నేను చూశాను. ఒకరోజు మెల్లగా అన్నాడు. "తప్పుగా అనుకోకండి. ఇన్నాళ్లూ గోడవతల నుంచి వింటున్నాను కదా, మీరు ప్రశ్న అడిగాక జవాబు చెప్పడానికి మూడు సెకన్లు కూడా ఆగరు. నేను వాచీ పెట్టి చూశాను. నేనూ అంతే, మా క్లాసులో నా సంగతీ చూసుకున్నాను." నాకు చెప్పకుండా ఆయనే ఫారం నింపి పంపాడు. ఎందుకు పంపారని కాగితం మీద రాసి అడిగితే, మీ కోసం కాదు, అవార్డొస్తే మళ్లీ అరవరని, అన్నాడు. కానీ ఫారంలో రెండు పేజీలు రాశాడు. ఏ పిల్ల ఏ రోజు ఏ లెక్క ఎలా చేసిందో, తేదీలతో సహా. నా ఉద్యోగంలో నా గురించి ఎవరైనా రాసిన కాగితాలు రెండే, ఒకటి అపాయింట్‌మెంట్ ఆర్డరు, ఇంకోటి బస్సు చెడిపోయి ఆలస్యమైన రోజు ఇచ్చిన మెమో. ఇది మూడోది. బాత్రూంలోకి వెళ్లి చదువుకున్నాను, ఆ గోడ మీద మైకు అన్న అక్షరాల కిందే నిలబడి.

కావాలా నాకు అవార్డు? కావాలి. అక్కర్లేదంటే అది కూడా పాత అబద్ధమే. అయితే దానికన్నా ఇంకోటి ఎక్కువ కావాలి. గొంతొచ్చాక కూడా నేను వెనకే కూర్చుంటుంటే తల్లిదండ్రులు వచ్చారు, పదకొండు మంది, టీచరు పాఠం చెప్పడం లేదట, పిల్లలే చెప్పుకుంటున్నారట, జీతం దేనికి అన్నారు. తప్పు పట్టను, మా అమ్మాయి బళ్లో ఎవరైనా ఇలా చేస్తే నేనే ముందు వెళ్లేదాన్ని. హెడ్మిస్ట్రెస్ నిన్న సాయంత్రం తలుపు దగ్గరికి వేసి చెప్పింది. "వచ్చినవాళ్లు బాగుందంటే వాళ్ల మాట చూపించి నేను తల్లిదండ్రులకి సర్దిచెప్పుకుంటాను. లేదంటే సోమవారం నుంచి మీరు బోర్డు దగ్గరే ఉండాలి. నాకు వేరే దారి లేదు." అందుకని ఈ తప్పు మామూలు తప్పు కాదు, బోర్డు మీద రెండు సున్నాల మధ్య ఉన్న ఆ పన్నెండున్నరలో నా సోమవారం ఉంది. ఇరవై రెండు నిమిషాలు. ట్రైనింగ్ కాలేజీ ఆవిడ ఫైలు మూసేసింది. మాట్లాడనా? ఒక్కసారికేం? పిల్లలు కూడా సంతోషిస్తారేమో. గొంతు సవరించుకున్నాను, పొరపాటున, చిన్న శబ్దమే, నలభై రెండు తలలూ తిరిగాయి నా వైపు, పొద్దుతిరుగుడు పూల్లా, ఒక్క క్షణంలో పెన్నులు కింద పెట్టేశారు. చెబుతుంది, ఇక మనం ఆలోచించక్కర్లేదు అన్న నిశ్చింత ఆ మొహాల మీద. దగ్గు వచ్చినట్టు నటించి కిటికీలోంచి బయటికి చూశాను.

నలభై రెండు తలలు కావు, నలభై ఒకటే. నా ముందు బెంచీలో ఎడమచేతి పిల్ల తల ఎత్తలేదు. ఎడంచేత్తో రాస్తుంది, మోచెయ్యి పక్కపిల్లకి తగులుతుందని అంచున కూర్చుంటుంది, అందుకే సగం బెంచీలోంచి పడిపోతున్నట్టుంటుంది. ఏడాదిలో బోర్డు దగ్గరికి ఒక్కసారి కూడా వెళ్లలేదు. మిగతావాళ్లంతా ఓకే అన్నప్పుడు ఇది అందో లేదో నాకు తెలియదు. నోట్‌బుక్కు చివరి పేజీలో ఒక గుట్ట గీసుకుంది, గుట్ట మీద చిన్న బడి, సైకిలు, సైకిలు తొక్కే మనిషి, వెనక క్యారేజీ మీద రెండు జడలు. గుట్టకి ఇటూ అటూ ఏవో అంకెలు, కొట్టేసి మళ్లీ రాసింది. నెమ్మదిగా చెయ్యెత్తింది, ఎవరికీ కనపడనంత కిందికి. పక్కపిల్ల చూసి మోచేత్తో పొడిచింది. గది అంతా వెనక్కి తిరిగింది.

"దూరం ఎంత?" అంది.

ముందు నుంచి నవ్వులు. దూరం ఇవ్వలేదుగా, అక్కర్లేదు, అందుకే ఇవ్వలేదు అన్నాడొకడు. "మాకు ఐదు కిలోమీటర్లు. మా నాన్న దింపుతాడు" అంది, ఎవరూ అడగకపోయినా. లేచింది. నడిచింది. అంత మెల్లగా ఎవరూ ఏ బోర్డు దగ్గరికీ నడవలేదేమో. సుద్ద పట్టుకుంటే అరిగిన ముక్క జారి కిందపడింది, తీసుకుంది. వెళ్లడం ఐదు కిలోమీటర్లు, గంటకి పది, అరగంట. రావడం ఐదు, గంటకి పదిహేను, ఇరవై నిమిషాలు. కలిపి పది కిలోమీటర్లు, యాభై నిమిషాలు. నిమిషాలని గంటల్లోకి మార్చడం దగ్గర చాలాసేపు ఆగిపోయింది, చెవి వెనక సుద్ద రాసుకుంది. రిబ్బన్ల పిల్ల ఉండబట్టలేక పది నిమిషాలకి ఎంతొస్తుందో చూడవే అంది. పది నిమిషాలకి రెండు కిలోమీటర్లు. గంటకి పన్నెండు.

పన్నెండు అని రాసి, పక్కనున్న పన్నెండున్నరని చూసి, తనే భయపడింది. తుడవబోయింది. వద్దు వద్దు, ఉంచు అని అరిచారు, ఇక గది గది కాదు. ఒకడు దూరం పది పెట్టు అన్నాడు, పది పెడితే గంటా, నలభై నిమిషాలూ, మళ్లీ పన్నెండే. ముప్పై పెట్టు. పన్నెండే. రిబ్బన్ల పిల్ల లేచి నిలబడిపోయింది, సగమే కదా సగటంటే, సగం తప్పెలా అవుతుంది అని ఏడుపు గొంతుతో వాదిస్తోంది, దాని వాదన దానికి నిజం. ముగ్గురు బోర్డు దగ్గర, ఇద్దరు బెంచీ ఎక్కి, ఎవరు చెప్పారు వీళ్లకి బెంచీ ఎక్కమని, ఇలాంటి క్లాసుని ఏ ఆఫీసరైనా ఏమంటాడు. గంట కొట్టేశారు. నా లెక్క తేలలేదు. రెండు జవాబులు బోర్డు మీద పక్కపక్కనే, ఎందుకో ఎవరికీ తెలియదు, పీరియడ్ అయిపోయింది.

కుర్ర ఆఫీసరు లేచి ట్యాబు సంచిలో పెట్టుకున్నాడు. ట్రైనింగ్ కాలేజీ ఆవిడ లేచింది. పెద్దాయన లేవలేదు. ఆయన ముందు ఉన్న కాగితం నాకు అప్పుడు కనబడింది, మూల్యాంకన పత్రం వెనకవైపు, పెన్నుతో, పది ప్లస్ పదిహేను బై రెండు, పన్నెండున్నర. దాని కింద ఒక గీత, గీత కింద ప్రశ్నార్థకం. బెంచీ పట్టుకుని మోకాళ్లు కూడదీసుకుని నిలబడ్డారు.

"అమ్మా," అన్నారు ఎడమచేతి పిల్లతో. "నాకూ పన్నెండున్నరే వచ్చింది. నేను ముప్పై ఎనిమిదేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, ఇంగ్లీషు అనుకో. నాకెందుకు తప్పొచ్చిందో చెప్పవా?"

పిల్ల నా వైపు చూసింది. చెప్పమ్మా అందామని కాదు, నువ్వు కాదు నేను చెబుతానుండు అందామని నా ప్రాణం కొట్టుకుంది, నాకు ఎంత బాగా వచ్చు ఇది, ఎన్నిసార్లు ఎంత చక్కగా చెప్పాను, బొమ్మ వేసి, సూత్రం రాసి, గేటు దాకా వినపడేలా. నా కళ్లు ఇంకా దాని మీదే ఉంటే అది నన్నే చూస్తుంది. తల దించుకుని నా రెండు చేతులూ చూసుకుంటూ కూర్చున్నాను. అవతల సోషల్ మాస్టారి క్లాసు బయటికి పరిగెడుతోంది, టిఫిన్ డబ్బాల చప్పుడు.

"ఎత్తెక్కేటప్పుడు ఎక్కువసేపు ఎక్కుతాం కదండీ" అంది పిల్ల, నెమ్మదిగా, గోడకి చెబుతున్నట్టు. "మా నాన్నకి ఆయాసం వస్తుంది, నేను దిగుతానంటే వద్దంటాడు. చాలాసేపు పడుతుంది. దిగేటప్పుడు ఇలా వచ్చేస్తాం. పదితో అరగంట ఉన్నాం, పదిహేనుతో ఇరవై నిమిషాలే ఉన్నాం. మరి రెండిటికీ సమానంగా సగం సగం ఎలా ఇస్తాం?"

పెద్దాయన కాగితం మీద పన్నెండున్నర కొట్టేశారు. రిబ్బన్ల పిల్ల "అబ్బా, అవునే!" అని తన నెత్తి మీద తనే కొట్టుకుంది.

వరండాలోకి వచ్చాం. హెడ్మిస్ట్రెస్ అక్కడే నిలబడి ఉంది, మొహం చూస్తే సోమవారం గుర్తొచ్చింది నాకు. కుర్ర ఆఫీసరు గొంతు సవరించుకుని, ఫలితాలు నెలాఖరుకి పోస్టులో వస్తాయి, ఇప్పుడేమీ చెప్పకూడదండీ అన్నాడు, చెప్పి నవ్వాడు, నవ్వితే చిన్నపిల్లాడిలా ఉన్నాడు. ట్రైనింగ్ కాలేజీ ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "వాళ్లంతా ఓకే అన్నప్పుడు నాకు చెమటలు పట్టాయండీ. ఫైలు మూసేశాను, రాయలేక. మీరెలా కూర్చున్నారు?" నేను చెప్పబోతే పెద్దాయన హెడ్మిస్ట్రెస్ వైపు తిరిగారు. "అవార్డు సంగతి కవర్లో వస్తుంది. చెప్పకూడదని రూలు ఉంది కాబట్టి చెప్పను. కానీ దీనికి రూలేమీ లేదు. పొద్దున మీరు చెప్పారే, ఆ ఫిర్యాదు చేసిన తల్లిదండ్రులని రోజుకి ఇద్దర్నిద్దర్ని పిలిచి ఈవిడ పక్కన ఆ చివరి బెంచీలో కూర్చోబెట్టండి. వాళ్లయ్యాక మీ మిగతా టీచర్లని. నేనూ వస్తాను, నాకింకా కొన్ని రావు." హెడ్మిస్ట్రెస్ నన్ను చూసింది, ఆయన్ని చూసింది, "అలాగేనండీ, సోమవారం నుంచే పిలుస్తాను" అంది. ఏదైనా అనాలి, ధన్యవాదాలని, ఇది నా ఒక్కదానిదీ కాదని, సోషల్ మాస్టారిదీ ఉందని. అవన్నీ అన్నాను కాబోలు, నా గొంతు నాకే వినిపించింది, మామూలుగా, ఎదుటి మనిషికి సరిపోయేంత.

వాళ్లు మెట్లు దిగాక క్లాసులోకి వెళ్లాను, అన్నానికి వెళ్లండర్రా అని తరమడానికి. ఎవరూ కదల్లేదు. ఎడమచేతి పిల్ల ఇంకా బోర్డు దగ్గరే ఉంది, మధ్యలో టైరు పంచరై పావుగంట ఆగితే ఆ పావుగంట కూడా కలపాలా వద్దా అని కొత్త గొడవ మొదలైంది, రిబ్బన్ల పిల్ల ఈసారి రెండో జట్టులో ఉంది. ఆరుగురు బోర్డుకి మొహాలు ఆనించినట్టు నిలబడ్డారు. నేను దగ్గరికి వెళ్లి నిలబడి చూస్తున్నాను, ఎవరో ఒకరు నన్ను చూసి ఏమన్నారు టీచర్, అవార్డు వచ్చిందా అని అడుగుతారనుకున్నాను.

"టీచర్," అంది ఎడమచేతి పిల్ల, అంకెల మీంచి చూపు తిప్పకుండానే. "కొంచెం పక్కకి జరగరూ, వెనకవాళ్లకి కనబడటం లేదు."

జరిగాను.